మంచి ఆకురాయి కోసం: రంపం పదును మీద ఒక సింహావలోకనం

శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రిలో వడ్రంగి పనిచేసే మనిషికి రంపం పళ్లు మొద్దుబారితే మూడుమూలల ఆకురాయి కావాలి. దానికోసం ధర్మవరం పోతాడు. అక్కడి ఇనుపసామాన్ల అంగళ్లలో కరెంటు రంపాలుంటాయి, గోడలు కోసే చక్రాలుంటాయి, ప్లైవుడ్ కోసే బ్లేడ్లు, డ్రిల్లింగ్ మిషన్లు వరసగా వేలాడుతుంటాయి. ఆకురాయి అడిగితే అంగడాయన కింది అరలో చెయ్యి పెట్టి ఒకటి తీస్తాడు. “ఇదే ఉండాది సామీ, యేదైనా ఒగటే గదా” అంటాడు. తెచ్చుకున్న ఆకురాయి నాలుగు పళ్లు రుద్దేసరికి అంచు రాలిపోతుంది. రంపం మొద్దుగానే మిగులుతుంది. కొన్న మనిషి తన చేతివాటం మీదనే అనుమానపడతాడు.

ఏదైనా ఒకటే కాదు. మంచి ఆకురాయిని ఏ కాలంలో ఎవరు చేశారు, అది ఈ రాయలసీమకు ఏ దారిన వచ్చింది, ఇప్పుడెందుకు కంటికి కనిపించడం లేదు అనే ప్రశ్నలకు జవాబు వెతికితే వేల ఏళ్ల వెనక్కి పోవాల్సి వస్తుంది. పోయివద్దాం. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. ఆకురాయి నాణ్యతను నిలబెట్టింది దాన్ని చేసినవాడి నేర్పు ఒక్కటే కాదు. వెలుతురుకు పట్టి చూసి మంచిదో చెడ్డదో తేల్చగలిగిన కొనుగోలుదారు కూడా. అటువంటి కళ్లు తగ్గిన ఊరికి మంచి సరుకు రావడం మానేస్తుంది.

ముందు పని సంగతి తెలియాలి. రంపం పంటికీ పంటికీ మధ్య ఉండే గాడి కోణం 60 డిగ్రీలు. మూడు వైపులా సమానంగా ఉన్న ఆకురాయి మూల కూడా సరిగ్గా 60 డిగ్రీలే. ఆకురాయిని ఒక గాడిలో పెట్టి ముందుకు తోస్తే, ఒక్క తోపులో ఒక పంటి వెనకభాగం, పక్క పంటి ముందుభాగం రెండూ అరుగుతాయి. గాడి అడుగును మాత్రం ఆకురాయి మూల అరగదీస్తుంది. అంటే ఎక్కువ భారం పడేది ఆ సన్నటి అంచు మీద. పలక ఎంత బాగున్నా అంచు మీది గీతలు బలహీనంగా ఉంటే ఆ ఆకురాయి రంపానికి పనికిరాదు. సాదా పలక ఆకురాయి చేయడం తేలికే. రంపపు ఆకురాయి చేయడం కష్టం కావడానికి కారణం ఈ అంచే.

గట్టిదనం లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. చేతిరంపం ఉక్కు రాక్‌వెల్ కొలతలో సుమారు 50 ఉంటుంది. పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచాలి కాబట్టి అంతకుమించి గట్టిపడితే పన్ను విరుగుతుంది. దాన్ని రుద్దే ఆకురాయి 64 దగ్గర ఉండాలి. అంత గట్టిపడిన ఉక్కు గాజంత పెళుసు. గట్టిగా ఉండాలి, అంచు రాలకూడదు. ఈ రెండింటినీ ఒకేచోట నిలపడం కోసమే మనుషులు కొన్ని వందల ఏళ్లు కొలిమి దగ్గర కాపలా కాశారు.

తొలి రంపాలకు ఈ చిక్కు లేదు. ఈజిప్టులో పిరమిడ్ల కాలపు రంపాలు రాగివి. రాగి మెత్తన కాబట్టి తోస్తే వంగిపోతుంది. అందుకే వాటి పళ్లు పిడి వైపు తిరిగి ఉండేవి, లాగితేనే కోసేవి. ఇనుము వచ్చాక కథ మారింది. అక్కడి థీబ్స్ దగ్గర పురావస్తువేత్త ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం నాటి ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. వాటిలో రంపాలున్నాయి, గరుకుపళ్ల ఆకురాయీ ఉంది. ఇనుప రంపం వచ్చిన చోటుకు ఆకురాయి రాకతప్పదు. మన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారపు జాబితాలో గొడ్డలి, పారలతో పాటు రంపం పేరు ఉంది. రాజు కొట్టులో రంపం పెట్టినప్పుడు దానికి పదును పెట్టే మనిషినీ, సాధనాన్నీ దగ్గరే ఉంచుకుని ఉంటాడు.

12వ శతాబ్దంలో యూరపులో థియోఫిలస్ అనే క్రైస్తవ సన్యాసి చేతిపనుల మీద ఒక గ్రంథం రాశాడు. ఆకురాయిని ఎలా గట్టిపరచాలో అందులో వివరంగా చెప్పాడు. మెత్తటి ఇనుముతో చేసిన చిన్న ఆకురాళ్లకు పాత పందికొవ్వు పూసి, మేకతోలు పేలికలు చుట్టి, దారంతో కట్టి, పైన బంకమట్టి మెత్తి నిప్పుల్లో పెట్టాలి. ఎర్రగా కాలాక తీసి నీళ్లలో ముంచాలి. కాల్చిన కొమ్ముపొడిలో ఉప్పు కలిపి చల్లే పద్ధతి ఇంకొకటి. తోలు, కొవ్వు, కొమ్ము కాలితే బొగ్గు మిగులుతుంది, ఆ బొగ్గు ఇనుము పైపొరలోకి చొరబడి దాన్ని ఉక్కుగా మారుస్తుంది. ఈ కారణం ఆయనకు తెలియదు, ఫలితం మాత్రం తెలుసు. మరో మూడొందల ఏళ్లకు లియొనార్డో డావించి ఆకురాయి మీద గీతలు వాటంతటవే పడే యంత్రానికి బొమ్మ గీశాడు: సుత్తి పడుతుంది, ఆకురాయి కొంచెం జరుగుతుంది, మళ్లీ సుత్తి పడుతుంది. ఆ బొమ్మ నిజంగా పనికొచ్చే యంత్రంగా మారడానికి ఇంకా మూడున్నర శతాబ్దాలు పట్టింది.

ఇక మన వైపు వద్దాం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆకురాయికి కావలసిన ఉక్కును ప్రపంచానికి చూపించిన నేల ఇదే. ఆకురాయి ఉక్కులో కర్బనం సుమారు 1.2 శాతం ఉండాలి. దక్షిణాది కమ్మరులు మూసల్లో కరిగించిన ఉక్కులో కర్బనం ఆ మోతాదులోనో అంతకంటే కాస్త ఎక్కువగానో ఉండేది. చిన్న మట్టిమూసలో ఇనుపముక్కలు, కట్టెపేళ్లు, ఆకులు వేసి, మూత మెత్తి, తోలుతిత్తులతో గాలి ఊది, గడ్డకట్టిన ఉక్కుబిళ్లను తీసేవాళ్లు. 1800–01లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు రాజ్యమంతా తిరుగుతూ హిందూపురానికి పక్కనే ఉన్న మధుగిరి ప్రాంతంలో ఇనుము, ఉక్కు కొలుములను చూసి వివరంగా రాసుకున్నాడు. తెలంగాణలో నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవాళ్లు. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ చూసి రాసిన ఆ సంగతి 1832లో అచ్చయింది. లండన్ రాయల్ సొసైటీ ముందు 1795లోనే జార్జ్ పియర్సన్ ఈ ఉక్కు మీద తన పరీక్షల్ని చదివాడు. 1819లో మైకేల్ ఫారడే దాన్ని రసాయనశాలలో విడగొట్టి చూశాడు.

అంత ఉక్కు ఉండి కూడా మన ఊళ్లలో సన్నటి రంపపు ఆకురాయి చేసే వృత్తి పెద్ద పరిశ్రమగా ఎదగలేదు. కారణం నా లెక్కలో ఇది: ఆ ఉక్కు బిళ్లలు కత్తులకు, శిల్పుల ఉలులకు, దూరదేశపు వర్తకానికి పోయాయి. ఊరి వడ్లాయనకు కావలసిన చిన్న సాధనానికి అంత ఖరీదైన ఉక్కు పెట్టే గిరాకీ ఊళ్లో లేదు. ఊరి పనుల్లో సగానికిపైగా బాడిసతోనే అయిపోయేది. రంపం పళ్లు పెద్దవి, పిడి వైపు తిరిగినవి, లాగితే కోసేవి. నేలమీద కూర్చుని, కొయ్యను కాలివేళ్ల మధ్య అదిమిపట్టి కోసే పనివాడికి అదే అనుకూలం. పెద్ద పళ్లకు ముతక ఆకురాయి చాలు. పెనుకొండ విజయనగర రాజ్యానికి రాజధానిగా ఉన్న రోజుల్లోని కోట తలుపులూ, కదిరి నరసింహస్వామి బ్రహ్మరథం లాంటి రథాలూ బాడిస, ఉలి, ముతక రంపం పట్టిన చేతుల నుంచి వచ్చినవే. పనితనం చేతిలో ఉండేది. సాధనం మోటుగా ఉన్నా సాగింది.

సన్నటి పళ్ల రంపం, దానితో పాటు సన్నటి ఆకురాయి ఇంగ్లండు నుంచి దిగాయి. అక్కడ షెఫీల్డ్ ఊరికి పేరు తెచ్చింది బెంజమిన్ హంట్స్‌మన్. గడియారాల స్ప్రింగుల కోసం మంచి ఉక్కు వెతుకుతూ 1740లలో మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. మన కమ్మరులు ఎప్పటినుంచో చేస్తున్న పనికి అది పెద్దన్నలాంటి రూపం: మూస పెద్దది, వేడి ఎక్కువ, ఉక్కు పూర్తిగా కరిగి అంతటా ఒకేలా ఉండేది. ఆకురాయికి అన్నిటికంటే ముఖ్యం ఈ ఒకేలా ఉండడమే. ఒకచోట గట్టిగా, మరోచోట మెత్తగా ఉన్న ఉక్కు మీద గీతలు సమంగా పడవు.

వారింగ్టన్ ఊళ్లో పీటర్ స్టబ్స్ అనే మనిషి కథ నాకు చాలా ఇష్టం. 1777లో ఆయన వైట్ బేర్ అనే సత్రం నడుపుతూ, బీరు కాస్తూ, పక్కనే ఆకురాళ్లు చేయించేవాడు. ఆకురాయిని ఎర్రగా కాల్చి ఉప్పునీళ్లలో ముంచే ముందు దాని గీతల మీద ఒక పూత ఉండాలి, లేకపోతే నిప్పుసెగకు సన్నటి మొనలు కాలి కర్బనం పోగొట్టుకుంటాయి. బీరు తొట్టి అడుగున మిగిలిన మడ్డి ఆ పూతకు సరిగ్గా పనికొచ్చింది. సత్రంలో పారబోయాల్సిన మడ్డి కొలిమిలో ఆకురాయి పదును కాపాడింది. స్టబ్స్ ముద్ర ఉన్న ఆకురాళ్లను గడియారాల పనివాళ్లు ఏరికోరి కొనేవాళ్లు.

ఆ రోజుల్లో గీతలు కొట్టడం పూర్తిగా చేతిపని. ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే ఒక గీత. ఆ దెబ్బకు పక్కన సన్నటి కట్ట లేస్తుంది, ఉలిని ఆ కట్టకు ఆనించి తర్వాతి గీత కొడతారు. కొలబద్ద లేదు, ముందే గీసిన గుర్తు లేదు, వేలికొసకు తగిలే స్పర్శే ఆధారం. నాలుగంగుళాల ఆకురాయి మీద మూడు వైపులా వందల గీతలు. ఒక వైపు కొట్టాక తిప్పి రెండో వైపు కొట్టేటప్పుడు మొదటివైపు గీతలు చితికిపోకుండా కింద సీసపు దిమ్మె పెట్టేవాళ్లు. పనివాళ్ల ప్రాణం తీసింది ఆ దిమ్మెనే. సీసపు పొడి చేతులకు అంటుకుని, ఉలి పట్టు కోసం వేలు తడుపుకునేటప్పుడు నోట్లోకి పోయేది. చేతులు పడిపోవడం, మణికట్టు వేలాడడం, కడుపునొప్పితో మెలికలు తిరగడం షెఫీల్డ్ ఆకురాళ్ల పనివాళ్లకు వృత్తిజబ్బులయ్యాయి. మద్రాసు రేవులో దిగిన ప్రతి మంచి ఆకురాయి వెనక ఇలాంటి చెయ్యి ఒకటి ఉంది. దాన్ని గుర్తుచేసుకోకుండా ఆ సరుకును మెచ్చుకోవడం న్యాయం కాదు.

అమెరికాలో కథ వేరే దారి పట్టింది. ఇంగ్లండులో పుట్టి ఫిలడెల్ఫియా చేరిన హెన్రీ డిస్టన్ 1840లో రంపాల కార్ఖానా పెట్టాడు. ఉక్కు కూడా తానే కరిగించుకున్నాడు, ఆకురాళ్లు కూడా తానే చేయించుకున్నాడు. రంపం అమ్మేవాడు ఆకురాయి బాధ్యత కూడా తనదే అనుకోవడం అక్కడ కనిపిస్తుంది. ఈ కాలపు రంపాల కంపెనీలు మరిచిపోయిన విషయమిది. 1864లో ప్రావిడెన్స్ పట్టణంలో విలియం నికల్సన్ ఆకురాయి యంత్రానికి పేటెంటు తీసుకుని కంపెనీ స్థాపించాడు. అప్పటివరకూ యంత్రంతో కొట్టిన ఆకురాళ్లను పనివాళ్లు ఒప్పుకోలేదు, దానికి బలమైన కారణమే ఉంది. యంత్రం గీతలన్నిటినీ ఒకే దూరంలో కొడుతుంది. అలా ఉంటే ఆకురాయి అదురుతుంది, రుద్దినచోట అలలు పడతాయి. చేత్తో కొట్టినప్పుడు గీతల మధ్య దూరం వెంట్రుకవాసి అటూఇటూ అవుతుంది కాబట్టి అదురు రాదు. నికల్సన్ ఆ తేడాను కావాలనే యంత్రంలో ప్రవేశపెట్టి, గీతల దూరం క్రమంగా మారేలా చేశాడు. చేతిపనిలో లోపంగా కనిపించినదే అసలు గుణమని గుర్తించినవాడు ఆయన.

ఈ సరుకు మన సీమకు ఎలా చేరింది? 1890లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు రైలుదారి పడింది. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల వైపు ఇంకో దారి చీలింది. రైలు వచ్చాక మద్రాసు, బెంగళూరు వర్తకుల సరుకు నేరుగా హిందూపురం, ధర్మవరం అంగళ్లకు దిగింది. రైల్వే పనే సన్న రంపాలకు పెద్ద గిరాకీ: పెట్టెల కొయ్యపని, స్లీపర్లు, స్టేషను తలుపులు. అలాంటి పనుల్లో, మద్రాసు పెరంబూరు లాంటి రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసిన మనుషులకు ఇంగ్లీషు రంపం, దాని ఆకురాయి రెండూ అలవాటయ్యాయి. తోస్తే కోసే రంపం ఆ దారినే ఊళ్లకు వచ్చింది.

తాడిమర్రి లాంటి ఊళ్లో ఆకురాయి విలువ వేరే లెక్కలో తెలుస్తుంది. ఊరి వడ్లాయనకు కూలి గింజల్లో వచ్చేది. పంట కళ్లానికి వచ్చినప్పుడు రైతు ఇన్ని గింజలు కొలిచి ఇస్తే, ఏడాది పొడుగునా మడక, గొర్రు, గుంటక, బండి చక్రం బాగుచేయాలి. ఆకురాయి మాత్రం గింజలకు రాదు, రొక్కం పెట్టాలి. ఊళ్లో తయారయ్యే వస్తువు కాదు, పట్నం నుంచి రావాలి. అందుకే దాన్ని చివరికంటా వాడేవాళ్లు. ఒక మూల అరిగితే ఇంకో మూల, అదీ అరిగితే మూడోది. మూడు మూలలూ అరిగాక ముతక పళ్ల రంపానికి, ఆ తర్వాత కమ్మరి కొలిమిలోకి. అరిగిన ఆకురాయి ఉక్కు మంచిది కాబట్టి కమ్మరి దాన్ని కాల్చి సాగగొట్టి ఉలిగానో కత్తిగానో మార్చి ఇచ్చేవాడు.

ఈ సీమ కొయ్య కూడా ఆకురాయిని త్వరగా తినేసేదే. మడకకు, బండి చక్రానికి వాడేది నల్లతుమ్మ. గట్టిగా ఉండి రంపం పంటిని గంటల్లో మొద్దుచేస్తుంది. చింత మొద్దు ఇంకా మొండిది. వేప కొంచెం నయం. తొలకరికి ముందు, వేరుశనగ విత్తే కాలం దగ్గరపడేటప్పుడు వడ్లాయన ఇంటిముందు గొర్లు, గుంటకలు బారులు తీరేవి. ఆ నెలలో రంపం రోజూ పదును పెట్టుకోవాల్సి వచ్చేది. ధర్మవరం మగ్గాలది మరో రకం పని. మగ్గం చట్రం, పడుగు చుట్టే దిమ్మె, జకార్డు పెట్టె బిగించే కొయ్యలు కొలతకు కచ్చితంగా ఉండాలి, వంకర ఉంటే పట్టుదారం తెగుతుంది. మగ్గం పని చేసే వడ్రంగులకు సన్నపళ్ల రంపం, దానికి తగిన సన్నటి ఆకురాయి తప్పనిసరి. ధర్మవరం పట్టుచీర గురించి రాసేటప్పుడు నేతగాడినీ అద్దకందారునూ తలుచుకుంటాం. మగ్గం కొయ్యను వెంట్రుకవాసి తేడా లేకుండా కోసినవాడి పేరు ఎక్కడా రాదు.

స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద కట్టడి పెరిగింది. షెఫీల్డ్ సరుకు తగ్గిపోయింది. ఆ ఖాళీని బొంబాయి పక్కన ఠాణేలో పుట్టిన జెకె ఫైల్స్ నింపింది. సింఘానియా కుటుంబం 1944లో రేమండ్ ఉన్నిమిల్లును తీసుకుంది, 1950 ప్రాంతంలో ఆ సంస్థ ఆకురాళ్ల తయారీ మొదలుపెట్టింది. ఉన్నిబట్టకూ ఆకురాయికీ పొత్తు లేదు గానీ, దేశానికి యంత్రాలు కావాలంటే ముందు ఆకురాయి కావాలి అన్న అవసరం ఆ కాలానిది. రత్నగిరి, చిప్లూన్ లాంటి చోట్లకు విస్తరించిన ఆ కంపెనీ ఇప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద ఆకురాళ్ల తయారీ సంస్థల్లో ఒకటి, బయటి దేశాలకు పెద్దయెత్తున పంపుతుంది. మన ఐటీఐల్లో ఫిట్టరు కోర్సులో చేరిన పిల్లవాడు మొదట పట్టుకునేది ఆకురాయినే. ఇనుపముక్కను చదరంగా రుద్దడంతోనే అతని చదువు మొదలవుతుంది. కానీ రంపం పళ్లు తీయడం ఎక్కువగా బడి బయటే నేర్చుకునే పని. అది తండ్రి నుంచి కొడుకుకు, మేస్త్రీ నుంచి కుర్రవాడికి పోవాల్సిన విద్యగానే మిగిలింది.

ఆ వరస తెగడానికి చాలా కారణాలున్నాయి, ఒక్కొక్కటీ పెద్దగా చెప్పక్కరలేనంత తెలిసినవే. ఇనుప మడకలు వచ్చాయి, ట్రాక్టరు వచ్చింది, బండి చక్రానికి రబ్బరు టైరు వచ్చింది. కోతమిల్లులు మొద్దుల్ని పలకలు చేసి ఇచ్చాయి. ప్లైవుడ్, ప్లాస్టిక్ తలుపులు వచ్చాయి. అయితే ఆకురాయిని నిజంగా దెబ్బతీసింది ఇవేవీ కావు. 1970ల తర్వాత పంటి మొనలను విద్యుత్తుతో ఒక్క క్షణం కాల్చి గాజంత గట్టిపరిచే పద్ధతి రంపాల కంపెనీలకు చిక్కింది. అంగట్లో రంగు పిడితో వేలాడే రంపాల పళ్ల మొనలు నల్లగానో నీలంగానో కనిపించేది అందుకే. అవి చాలాకాలం పదునుగా ఉంటాయి. మొద్దుబారాక మాత్రం మామూలు ఆకురాయి ఏదీ వాటిని తాకలేదు. పెట్టి రుద్దితే ఒక్క తోపులో ఆకురాయి అంచే పోతుంది. వాడి పారేయాల్సిందే. పారేసే రంపం వచ్చాక ఆకురాయి కొనే మనిషి తగ్గాడు.

కొనేవాడు తగ్గిన ఫలితం పెద్ద కంపెనీల మీదా కనిపించింది. 1972లో కూపర్ ఇండస్ట్రీస్ కొన్న నికల్సన్ కంపెనీ తయారీ తర్వాత మెక్సికో, బ్రెజిల్‌లకు పోయింది. పాత అమెరికా తయారీ సరుకుకూ కొత్తదానికీ తేడా ఉందని ప్రపంచమంతటా చేతిరంపం పనివాళ్లు చెప్పుకుంటారు, ముఖ్యంగా అంచు రాలిపోవడం గురించి. అదేకాలంలో మంచి పేరు నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. స్విట్జర్లాండులో వల్లోర్బ్ కార్ఖానా 1899 నుంచి గడియారం, నగల పనివాళ్లకు సన్న ఆకురాళ్లు చేస్తోంది. స్వీడన్ పేరున్న బాకో ఆకురాళ్లు పోర్చుగల్‌లో తయారవుతాయి. ఈ కంపెనీలను నిలబెట్టింది సరుకు బాగాలేకపోతే వెనక్కిచ్చే కొనుగోలుదార్లు.

మనకేం కొరత లేదు నిజానికి. ప్రపంచానికి ఆకురాళ్లు పంపే దేశం మనది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఉక్కురేకును కచ్చితమైన కొలతకు మలిచే యంత్రాలు మన జిల్లాలోనే నడుస్తున్నాయి. ధర్మవరం అంగట్లో మాత్రం రంపానికి సరిపడే నాలుగంగుళాల సన్న ఆకురాయి అడిగితే దొరకడం కష్టం. హిందూపురంలో కొంచెం నయం. లేదంటే బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డుకు పోవాలి. అంగడివాడి తప్పేమీ లేదు. అడగని సరుకును అతను ఎందుకు తెచ్చిపెట్టుకుంటాడు?

అందుకే అడగడం నేర్చుకోవాలి. రంపపు ఆకురాయికి పొడవుతో పాటు సన్నదనం కూడా చూడాలి. అంగళ్లలో వీటిని స్లిమ్, ఎక్స్‌ట్రా స్లిమ్, డబుల్ ఎక్స్‌ట్రా స్లిమ్ అంటారు. అంగుళానికి అయిదారు పళ్లున్న రంపానికి ఏడంగుళాల స్లిమ్ సరిపోతుంది. ఏడెనిమిది పళ్లుంటే ఆరంగుళాల స్లిమ్. పది పళ్ల దగ్గర అయిదారు అంగుళాల ఎక్స్‌ట్రా స్లిమ్. పన్నెండు దాటితే నాలుగంగుళాల డబుల్ ఎక్స్‌ట్రా స్లిమ్. ఈ లెక్క గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఒక్క సూత్రం చాలు: రంపం గాడిలో పెట్టినప్పుడు ఆకురాయి వైపు సగంకంటే తక్కువ మేర లోపలికి దిగాలి. అలా ఉంటే తిప్పి మూడో మూల వాడేటప్పటికి ప్రతి వైపునా రెండు సగాలూ కొత్తగా పనికొస్తాయి. సగం దాటి దిగితే నడిమి భాగం రెండుసార్లు అరుగుతుంది, డబ్బు వృథా.

కొనేముందు అంగట్లోనే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కిటికీ వెలుతురుకు పట్టి మూల వెంబడి చూడండి. గీతలు మూల చివరిదాకా సమంగా దిగి ఉండాలి, ఎక్కడా తెల్లటి చుక్కల్లా మెరవకూడదు. మెరిస్తే అక్కడ అప్పటికే అంచు రాలిందని అర్థం. మూడు మూలలూ ఒకేలా ఉండాలి. ఒక మూల గుండ్రంగా, ఇంకోటి పదునుగా ఉంటే వద్దనండి. కంటి దగ్గర పెట్టి పొడవునా చూస్తే వంకర తెలుస్తుంది, గట్టిపరిచేటప్పుడు వంకరపోయినది కోతలో గాడిని ఒక పక్కకు లాగుతుంది. ఒకే పెట్టెలో ఒకదానిమీద ఒకటి వేసి ఊపిన ఆకురాళ్లను తీసుకోవద్దు. గట్టి ఉక్కుకు గట్టి ఉక్కు తగిలితే రెండూ అంచులు పోగొట్టుకుంటాయి. కాగితంలో విడివిడిగా చుట్టినదే అడగండి.

ఇంటికి తెచ్చాక దానికి పిడి వేయండి. పిడి లేకుండా ఆకురాయి పట్టడం అరచేతికి ప్రమాదం, గురికీ నష్టం. రంపాన్ని రెండు చెక్కల మధ్య, పళ్లకు దగ్గరగా బిగించండి. రంపం అదిరితే ఆకురాయి అంచు పగులుతుంది. ముందు పలక ఆకురాయితో పళ్ల మొనలన్నిటినీ ఒకే ఎత్తుకు తేవాలి. తర్వాత పళ్లు వంచాలి. ఆ తర్వాతే మూడుమూలల ఆకురాయి. తోసేటప్పుడే అదమాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి. లాగుతూ రుద్దేవాళ్ల ఆకురాయి సగం కాలమే బతుకుతుంది. కొత్త ఆకురాయితో మొదటి కొన్ని తోపులు తేలికగా తోయండి, లేత మొనలు నిలదొక్కుకుంటాయి. ముందుగా సుద్దముక్క రుద్దితే పొడి గీతల్లో ఇరుక్కోదు. నూనె చెయ్యి తగలనివ్వకండి. నిలువుకోత రంపానికి ఆకురాయిని అడ్డంగా తిన్నగా పట్టాలి. అడ్డకోత రంపానికి ఇరవై డిగ్రీల దాకా ఏటవాలుగా పట్టి, ఒక పన్ను వదిలి ఒక పన్ను తీసుకుంటూ పోయి, రంపం తిప్పి మిగిలినవి తీయాలి.

ఇదంతా ఒక పూటలో నేర్చుకోగలిగిన విద్యే. నేర్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. తాడిమర్రిలో, ధర్మవరం మగ్గాల వీధుల్లో, కదిరిలో, హిందూపురంలో అరవై దాటిన వడ్రంగులు చాలామందికి చేతికి అలవాటైన పని ఇది. జిల్లాలోని ఐటీఐలు వడ్రంగం చదువులో రంపం పదునుకు ఒక వారం కేటాయించి, అలాంటి పెద్దాయన ఒకరిని పిలిపించి పిల్లల చేత చేయించాలని కోరుతున్నాను. ఖర్చు పెద్దగా ఉండదు, పది ఆకురాళ్లు, పది పాత రంపాలు చాలు. అంగళ్ల యజమానులు కూడా మూడు సన్నాల ఆకురాళ్లను ఒక్కో పెట్టె తెప్పించి ఉంచాలి. ఇంట్లో అటకమీద తాతగారి రంపం ఉంటే తీసి పళ్ల మొనలు చూడండి. నల్లగా కాలిన గుర్తు లేకపోతే అది ఆకురాయికి లొంగే రంపం. తుక్కు కొనేవాడికి కిలోల లెక్కన ఇచ్చేముందు, ఈసారి ధర్మవరం పోయినప్పుడు అంగట్లో ఎక్స్‌ట్రా స్లిమ్ ఆకురాయి పేరుపెట్టి అడగండి. లేదంటే తెప్పించమని చెప్పి, వచ్చాక వెలుతురుకు పట్టి మూలలు చూసి, బాగుంటేనే కొనండి.